ఆటలోని ప్రేమకు రంగు ఉందా?

2008 జనవరిలో అమెరికాలోని ఫాక్స్ న్యూస్ చానెల్‌లో ఒక చర్చ జరిగింది. అంతకు రెండు నెలల ముందే విడుదలైన 'మాస్ ఎఫెక్ట్' అనే వీడియో గేమ్ అశ్లీలంతో నిండిపోయిందని అక్కడ తీర్పు చెప్పేశారు. గంటల తరబడి సాగే ఆ ఆటలో అలాంటి దృశ్యం ఉండేది కొద్దిసేపే. అదీ ఆడేవారు ఆ దారి ఎంచుకుంటేనే. ఆటను ఖండించిన అతిథిని 'మీరు ఆడారా?' అని అడిగితే లేదన్నారు. తర్వాత తన మాటలకు విచారం వెలిబుచ్చారు. సంగతి వినకముందే జవాబిచ్చేవాని గురించి సామెతల గ్రంథం (18:13) ఏమంటుందో మనకు తెలుసు. అయినా మన ప్రసంగ వేదికలపై వీడియో గేముల మాట వస్తే జరిగేది ఇంచుమించు ఇదే.

మన యవ్వనస్తులు ఆడే ఇలాంటి ఆటల్లో ప్రేమకథలు చాలా ఉన్నాయి. 2016లో వచ్చిన 'స్టార్‌డ్యూ వ్యాలీ' పైకి ఒక అమాయకమైన వ్యవసాయపు ఆట. అందులో పెళ్లాడదగినవారు పన్నెండుమంది. వారానికి రెండుసార్లు నచ్చిన కానుక ఇస్తే హృదయం గుర్తులు పెరుగుతాయి. ఎనిమిది నిండితే పూలగుత్తి, పది నిండితే పెళ్లి ప్రతిపాదన. అవతలివారు ఆడైనా మగైనా ఆడే మనిషిని కాదనరు. నన్ను కలవరపెట్టేది కొద్దిసేపటి పడకగది దృశ్యం కన్నా ఈ లెక్కే. యాకోబు రాహేలు కోసం ఏడేళ్లు కొలువు చేశాడు. అన్నేళ్లూ చేశాక లాబాను చేతిలో మోసపోయాడు (ఆది 29). ప్రేమలో చేసిన పనికి ఫలితం ఖాయమని లేఖనం ఎక్కడా హామీ ఇవ్వలేదు. ఆట మాత్రం ఇస్తుంది. ఇన్ని కానుకలిచ్చాను, ఇంకా ఎందుకు ఒప్పుకోదు అనే కుర్రవాడి కోపం ఎక్కడినుంచి వస్తుందో ఆలోచించాలి.

కెనడాకు చెందిన బయోవేర్ సంస్థ 2014లో తెచ్చిన 'డ్రాగన్ ఏజ్: ఇంక్విజిషన్' ఈ విషయంలో వేరు. అందులో కసాండ్రా అనే వీరవనిత స్త్రీ పాత్రతో ఆడేవారి ప్రేమను సున్నితంగా తిరస్కరిస్తుంది. డోరియన్ అనే మాంత్రికుడు పురుషులనే ప్రేమిస్తాడు, స్త్రీ ఎన్ని విధాల పలకరించినా ఒప్పుకోడు. కాదనగలిగిన పాత్రే నాకు మనిషిలా కనిపిస్తుంది.

డోరియన్ కథ మన తల్లిదండ్రులు వినదగినది. కుమారుడు ఇలా ఉండకూడదని తండ్రి రక్తమంత్రంతో అతని మనసునే మార్చబోయాడు. కుమారుడు ఇల్లు విడిచిపోయాడు. తర్వాత ఒక సత్రంలో తండ్రీకొడుకులు ఎదురుపడతారు. వివాహం గురించి సంఘం బోధించేది నేనూ బోధిస్తాను, దాన్ని దాచను. కానీ పరువు కోసం బిడ్డను విరిచెయ్యడానికైనా సిద్ధపడే తండ్రి మన విశ్వాసుల ఇళ్లలో లేడని ఏ కాపరీ ప్రమాణం చేసి చెప్పలేడు. ఆ ఘట్టాన్ని 'ప్రచారం' అని కొట్టిపారేసేవారు ముందు దాన్ని పూర్తిగా చూడాలి.

ఇక రంగు సంగతి. మాస్ ఎఫెక్ట్ రెండవ భాగంలో (2010) జేకబ్ టేలర్ అనే నల్లజాతి సైనికుణ్ణి కథానాయిక ప్రేమించవచ్చు. మూడవ భాగం (2012) వచ్చేసరికి అతడు ఇంకొకామెతో ఉంటాడు, ఆమె గర్భవతి. ఆ ఆటలో ప్రేమించినవారిని అలా వదిలేసింది అతనొక్కడే. నల్లజాతి ఆటగాళ్లు నొచ్చుకున్నారంటే ఆశ్చర్యం లేదు. తమ పురుషుల గురించి లోకం చెప్పుకునే పాత నింద మళ్లీ తమ ముందుకే వచ్చింది. ఇంక్విజిషన్‌లోని వివియెన్ నల్లని స్త్రీ, రాజాస్థానపు మాంత్రికురాలు, మాటలో గొప్ప దిట్ట. ఆమెను ప్రేమించే దారి అసలు లేదు. మాస్ ఎఫెక్ట్‌లో నీలిరంగు చర్మం గల అసారి స్త్రీలకు మాత్రం ఆ లోటు లేదు. ఊహాలోకపు నీలాన్ని మోహించడం సులువు, పక్కింటి నలుపును ప్రేమించడమే కష్టం కాబోలు! స్టార్‌డ్యూలో మారు అనే అమ్మాయి తండ్రి నల్లవాడు, తల్లి తెల్లనిది. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ పట్టదు. చిన్న ఆటే అయినా అక్కడ పెద్ద కంపెనీల కన్నా నయమనిపించింది.

సంఖ్యాకాండము 12వ అధ్యాయం చూడండి. మోషే కూషు దేశపు స్త్రీని పెళ్లాడాడని మిర్యాము, అహరోను సణిగారు. కూషు ఐగుప్తుకు దక్షిణాన, నేటి సూడాన్ ప్రాంతం. ఆమె సిప్పోరాయేనని కొందరు పండితులంటారు, ఆ చర్చ ఇక్కడ అనవసరం. మిర్యాము మంచులా తెల్లని కుష్ఠురాలైంది. నల్లని వదినెను గురించి మాట్లాడిన నోటికి తెలుపే శిక్షగా వచ్చింది. ఏడు రోజులు ఆమె పాళెము వెలుపల ఉంది, ఆమె తిరిగి వచ్చేదాకా జనమంతా కదలలేదు.

ఈ వాక్యభాగాన్ని మొన్న యవ్వనస్తుల కూటమిలో చదివించాను. ఆటల గురించే మాట్లాడుకుంటున్నాం. వెనుక వరుసలోని ఒక అమ్మాయి లేచి, 'అయ్యగారూ, మరి మన పెళ్లి బయోడేటాల్లో రంగు ఎందుకు రాస్తారు? కులం ఎందుకు అడుగుతారు?' అంది. అలాంటి కాగితాలు నా బల్లపై ఎప్పుడూ నాలుగైదు ఉంటాయి. దాదాపు అన్నింటిలోనూ 'తెల్లని అమ్మాయి కావలెను' అనే మాట ఉంటుంది. వచ్చే నెల సంఘ పెద్దల కూటమిలో ఆ అమ్మాయి ప్రశ్ననే మొదటి అంశంగా పెడుతున్నాను.