నీటి పైపు విషయంలో పొదుపు తగదు

ఇల్లు కట్టుకునేవారు నేలపై పరిచే టైల్స్ కోసం నాలుగు దుకాణాలు తిరుగుతారు. గోడల్లో, నేలలో కనబడకుండా పోయే నీటి పైపుల పనిని మాత్రం ఎవరు తక్కువకు ఒప్పుకుంటే వారికి అప్పగిస్తారు. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వాసుపత్రులలో అతిసారం, టైఫాయిడ్, కామెర్ల రోగులను చూసిన వైద్యునిగా నా అభిప్రాయం ఇది: శిథిలమైన నీటి పైపును మార్చడానికయ్యే ఖర్చును ఇంటి మరమ్మతు పద్దులో కాక, వైద్యం పద్దులో రాసుకోవాలి.

మన పట్టణాలలో చాలాచోట్ల కుళాయి నీరు రోజుకు గంటో రెండు గంటలో వస్తుంది. నీరు వస్తున్నంతసేపు పైపులో ఒత్తిడి ఉంటుంది కనుక, పగులు ఉంటే నీరు బయటికి కారుతుంది. సరఫరా ఆగగానే ఆ ఒత్తిడి పోతుంది. అప్పుడు చుట్టూ నిలిచిన మురుగు అదే పగులు గుండా లోపలికి చేరి, మరునాడు మొదట వచ్చే నీటితో మన బిందెలోకి వస్తుంది. జింకు పూత అరిగి తుప్పు పట్టిన పాత జీఐ పైపు, పైగా మురుగు కాలువలోంచి అడ్డంగా వేసినదైతే, ఇక చెప్పనవసరం లేదు.

నీరు సరిగా రావడం లేదని కుళాయి పైపుకే నేరుగా మోటారు బిగించడం మరింత ప్రమాదకరం. మోటారు నీటితోపాటు పగుళ్ల వద్ద ఉన్న మురుగునూ లాగుతుంది. ఆ కల్మషం బిగించినవారి ఇంటికే పరిమితం కాదు, వీధి పైపులో చేరి ఇరుగుపొరుగుకూ అందుతుంది. ఒత్తిడి తక్కువైతే నేలమట్టపు సంపులోకి నీటిని దానంతటదే పారనిచ్చి, అక్కడి నుండి మోటారుతో పైకెక్కించుకోవడమే సరైన పద్ధతి.

2009లో హైదరాబాదు భోలక్‌పూర్‌లోనూ, 2018లో గుంటూరులోనూ కలుషితమైన తాగునీటి వల్ల పలువురు మరణించారు. వీధి పైపుల బాధ్యత నిస్సందేహంగా పురపాలక సంస్థలదే. అయితే వీధి పైపు నుండి మన గడప వరకు వచ్చే పైపును చూసుకోవలసింది మనమే.

“వంటింట్లో ఫిల్టరు ఉంది కదా” అని కొందరంటారు. పళ్లు తోమేది, గిన్నెలు కడిగేది, కూరగాయలు కడిగేది ఫిల్టరు నీటితో కాదు. స్నానం చేస్తూ పసిపిల్లలు మింగేదీ ఆ నీరు కాదు. కలుషిత నీటి ద్వారా వ్యాపించే హెపటైటిస్ ఇ నిండు గర్భిణులకు ప్రాణాంతకం కాగలదని మరువరాదు.

పైపులు మార్చేటప్పుడు కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. నీటి పైపును మురుగు పైపుకు దూరంగా వేయించాలి. రెండూ ఒకదానినొకటి దాటవలసి వస్తే నీటి పైపు పైన, మురుగు పైపు కింద ఉండాలి. చన్నీటికి ఐఎస్ 4985, వేడినీటికి ఐఎస్ 15778 ప్రమాణం గల ఐఎస్ఐ ముద్ర పైపులనే కొనాలి. పీవీసీ పైపులలో సీసం వాడకాన్ని నియంత్రిస్తూ కేంద్ర ప్రభుత్వం 2021లో నిబంధనలు తెచ్చింది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది కనుక ముద్రలేని చౌక సరుకు వద్దు.

పని పూర్తయ్యాక వెయ్యి లీటర్ల ట్యాంకుకు 150 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరును ముందుగా బకెట్టు నీటిలో కలిపి, తేరిన నీటిని మాత్రమే పోయాలి. అన్ని కుళాయిలనూ ఆ వాసన వచ్చేవరకు తిప్పి, మూడు గంటలు ఉంచి, ఆ నీటినంతా పారబోయాలి. తరువాత మంచినీటితో కడగాలి. ఈలోగా ఆ నీరు ఎవరూ తాగరాదు.

అపార్టుమెంటు సంఘాలకు, హోటళ్ల యజమానులకు ఈ బాధ్యత మరీ ఎక్కువ. అక్కడ ఒక్క పైపు చెడితే వందలమంది మంచాన పడతారు. మీ ఇంటి నీటి పైపు వీధిలో ఎక్కడి నుండి బయలుదేరి, ఏ కాలువను దాటి లోపలికి వస్తున్నదో ఈ ఆదివారం ఒకసారి వెళ్లి చూడండి.