ముందు గ్లూకోజు నీళ్లు, తర్వాతే డాప్లర్

గర్భిణికి షుగర్ ఉందని తేలితే "పట్నం పోయి డాప్లర్ స్కాన్ తీయించుకోండి" అని ఎవరో ఒకరు చెప్పకుండా ఉండరు. కల్వకుర్తి నుంచి హైదరాబాద్ 80 కిలోమీటర్ల పైమాటే. వెంట వెళ్లేవాళ్లకు ఆ రోజు కూలి పోయినట్టే. ఇంత తిప్పలు పడి తెచ్చుకున్న కాగితం మీద "నార్మల్" అని ఉంటే ఇంటిల్లిపాదీ నిశ్చింతగా ఉంటారు. చిక్కంతా ఆ నిశ్చింతలోనే ఉంది. డాప్లర్ చూసేది బొడ్డుతాడు ధమనిలో రక్తం నడకను. తెర మీద రంపపు పళ్లలా గీతలు లేస్తుంటాయి. గుండె కొట్టినప్పుడు లేచిన గీత, రెండు దెబ్బల నడుమ దిగినా అడుగంటకూడదు. అప్పుడూ రక్తం ముందుకే సాగాలి. మాయలోని సన్న రక్తనాళాలు దెబ్బతింటే ఆ నడిమి ప్రవాహం తగ్గుతుంది, ఆగుతుంది, చివరికి వెనక్కి మళ్లుతుంది. ఎదుగుదల ఆగిన బిడ్డను పట్టిచ్చే గుర్తు అది. కానీ గర్భంలో వచ్చే షుగర్ చేసే కీడు చాలామటుకు వేరే దారిన వస్తుంది. తల్లి రక్తంలో పెరిగిన గ్లూకోజు మాయ దాటి వెళ్తుంది, బిడ్డ ఇన్సులిన్ ఎక్కువగా తయారుచేసుకుని లావెక్కుతుంది, కాన్పులో భుజాలు ఇరుక్కోవచ్చు, పుట్టాక షుగర్ హఠాత్తుగా పడిపోవచ్చు. ఇదంతా జరుగుతున్నా బొడ్డుతాడులో రక్తం చక్కగానే పారుతుండవచ్చు.

యంత్రం ఉన్నప్పుడు అందరికీ తీస్తే పోయేదేముంది అంటారా? ముప్పు ఎక్కువున్న గర్భాల్లో డాప్లర్ వాడితే శిశు మరణాలు తగ్గుతాయని చెప్పిన, వైద్య పరిశోధనలను జల్లెడపట్టే కోక్రేన్ సమీక్షలే, ముప్పు తక్కువున్నవారికి తీస్తే లాభం కనబడలేదనీ చెప్పాయి. షుగర్ ఉన్నవారికి 28 నుంచి 36 వారాల దాకా నాలుగు వారాలకోసారి బిడ్డ ఎదుగుదల, ఉమ్మనీరు చూడమంటుంది బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ. ఎదుగుదల తగ్గే ముప్పు లేనప్పుడు 38 వారాలకు ముందు డాప్లర్ అక్కర్లేదంటుంది. పాలమూరు తల్లి, బ్రిటన్ తల్లి ఒకటేనా అన్నది మాత్రం కొట్టిపారేయలేని ప్రశ్న. రక్తహీనత తీవ్రంగా ఉందని 2022లో న్యూట్రిషన్ కిట్లకు ఎంచుకున్న తొమ్మిది తెలంగాణ జిల్లాల్లో, కల్వకుర్తి ఉన్న పాలమూరు ప్రాంతపు నాగర్‌కర్నూల్ ఒకటి. షుగర్‌కు బీపీ తోడైనా, గర్భానికి ముందునుంచే షుగర్ ఉన్నా, బిడ్డ నెలలకు తగ్గట్టు ఎదగకున్నా డాప్లర్ అవసరమే. అలాంటివారికి అది పట్నంలో కాదు, దగ్గర్లోనే ఉచితంగా అందాలి.

కానీ ఆ అవసరం ఎవరికో తేలాలంటే ముందు షుగర్ బయటపడాలి. చెన్నై వైద్యుడు వి.శేషయ్య ప్రచారం చేసిన పద్ధతినే కేంద్ర మార్గదర్శకాలూ తీసుకున్నాయి: 75 గ్రాముల గ్లూకోజు 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటల తర్వాత రక్తం చూస్తారు. 140 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే షుగర్ ఉన్నట్టే. పరగడుపున రానక్కర్లేదు. దీనివల్ల కొన్ని కేసులు జారిపోతాయన్న విమర్శ ఉంది, అది నిజమే. అయితే పొద్దున్నే ఏమీ తినకుండా మళ్లీ రమ్మంటే తండా నుంచి వచ్చిన మనిషి మళ్లీ రాకపోవచ్చు; ఆ నష్టం ఇంకా పెద్దది. ఈ పరీక్ష తొలిసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు ఒకసారి, 24–28 వారాల మధ్య మరోసారి చేయాలి. ఇంట్లో ఆరో నెల దాటిన గర్భిణి ఉంటే ఆ రెండో పరీక్ష అయిందో లేదో కార్డు తీసి చూడండి. కాకపోతే స్కాన్ సంగతి తర్వాత, ఏఎన్ఎంను ముందు దాని గురించి అడగండి.