రంగు తెలియకపోతే విమానం నడపకూడదా?

శ్రీహరికోటలో రాకెట్టు లేచిన ప్రతిసారీ మనలో పదిమంది "నేను పైలట్ అవుతా" అంటారు. మంచిదే. కానీ సొంతానికి చిన్న విమానం నడిపే లైసెన్సుకైనా కంటి పరీక్షలో రంగులు చెప్పాల్సిందేనని ఎంతమందికి తెలుసు? చుక్కల మధ్య దాగిన అంకెను చదవమంటారు. జపాను డాక్టరు ఇషిహారా 1917లో తెచ్చిన పుస్తకం అది.

మా క్లాసులో ఒకడికి చెట్టుమీద పండుమిర్చి, పచ్చిమిర్చి ఒకేలా కనిపిస్తాయి. లెక్కల్లో వాడే ఫస్టు. ఈ లోపం ఎక్కువగా మగపిల్లలకే, తల్లి వైపు నుంచి వస్తుంది. (మేనమామ పోలిక అంటారే, అలా!)

నియమం ఊరికే పెట్టింది కాదు. రన్‌వే పక్కన నాలుగు దీపాలుంటాయి. రెండు తెలుపు, రెండు ఎరుపు అయితే సరైన ఎత్తు. నాలుగూ ఎరుపైతే మరీ కిందికి వచ్చేసినట్టు. 2002లో అమెరికాలోని టల్లహాసీలో ఒక సరుకు విమానం రన్‌వేకి ముందే చెట్లను కొట్టుకుని కూలింది. నడుపుతున్నాయనకు రంగుల లోపం ఉందని విచారణలో తేలింది. అలసట కూడా ఒక కారణమే. ఉన్న ముగ్గురూ బతికారు.

అయినా చుక్కల పుస్తకం ఒక్కటే తీర్పు చెప్పకూడదని నా వాదన. అసలు దీపాలే చూపించి అడగాలి. ఆస్ట్రేలియాలో 1980ల చివర్లో కేసు వేసి గెలిచాక, ఈ లోపం ఉన్నవాళ్లూ విమానాలు నడిపారు.

మనవైపు ఒక ఆర్టీసీ డ్రైవరుకి ఉద్యోగంలో చేరాక ఈ సంగతి బయటపడింది. వేరే పని ఇవ్వమని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2025 వచ్చింది! అందుకే కళ్లు చూసే డాక్టరుగారు ఈసారి మన బడికి వచ్చినప్పుడు ఆ పుస్తకం కూడా తెమ్మని హెడ్మాస్టరుగారు చెప్పాలి. ఎనిమిదో తరగతిలోనే తెలిస్తే, అమ్మానాన్న అప్పుచేసి ఫీజు కట్టకముందే ఆలోచించుకోవచ్చు.