బండి తీసే ముందు షుగర్ ఎంత?

నాకు పంతొమ్మిదో ఏట నుంచీ ఇన్సులిన్ ఉంది. ఈ మాట వినగానే అందరూ స్వీట్ల డబ్బా పక్కకి జరుపుతారు తప్ప, "మరి కారెలా నడుపుతున్నావు?" అని ఒక్కరూ అడగలేదు. మా డాక్టరు గారితో సహా.

రెండేళ్ల క్రితం ఓ రాత్రి ఆఫీసులో రిలీజ్ ముగించుకుని, భోజనం ఇంటికెళ్లాక చేద్దాంలే అని బయల్దేరాను. ఇన్సులిన్ మాత్రం టైముకి వేసేసుకున్నా (తెలివి!). ఔటర్ రింగ్ రోడ్డు మీద నేను దిగాల్సిన ఎగ్జిట్ దాటిపోయింది. దాటిందని తెలుస్తూనే ఉంది, కానీ అదేదో వేరేవాళ్ల సంగతిలా అనిపించింది. చొక్కా తడిసిపోతుంటే ఏసీ పాడైందనుకున్నా. తర్వాతి ఎగ్జిట్‌లో టోల్ దగ్గర ఆగాల్సొచ్చింది గనక సరిపోయింది. పక్కకి తీసి చూసుకుంటే 52! తాగినవాడు "నాకేం కాలేదు" అంటాడు చూడండి, అచ్చం అదే పరిస్థితి.

ఇక చట్టం సంగతి. లైసెన్సుకి నింపే ఫారం 1లో డయాబెటిస్ పేరే లేదు. ఉన్నట్టుండి స్పృహ తప్పడం, కళ్లు తిరగడం ఉందా, జనానికి ప్రమాదం తెచ్చే జబ్బు ఇంకేదైనా ఉందా అని అడుగుతుంది. "అన్నిటికీ 'లేదు' కొట్టెయ్యండి సార్" అన్నాడు ఏజెంటు. "పెళ్లి కావాల్సినవాడివి, ఎక్కడా రాయకురా" అన్నాడు మావయ్య. లైసెన్సు ఫారానికీ పెళ్లిచూపులకీ సంబంధమేమిటో! నేనూ కొట్టేశాను. కానీ ప్రమాదమని తనకి తెలిసిన జబ్బుతో బండి నడపడం మోటారు వాహనాల చట్టం 186వ సెక్షన్ కింద నేరమే. 2019 సవరణ తర్వాత జరిమానా మొదటిసారికి 1000 రూపాయల దాకా. దానికి భయపడేవాడెవడు?

బ్రిటన్‌లో ఇన్సులిన్ వాడేవాళ్లు ఆ సంగతి లైసెన్సుల శాఖకి చెప్పాలి. చెప్పినంత మాత్రాన లైసెన్సు పీకెయ్యరు. బయల్దేరే ముందు 2 గంటల్లోపు ఓసారి, దారిలో 2 గంటలకోసారి షుగర్ చూసుకోమంటారు. మన లెక్కలో 90 లోపుంటే ఏదైనా తినాలి, 72 కన్నా తగ్గితే అసలు నడపకూడదు. అలా తగ్గినప్పుడు తిని మామూలుకొచ్చాక కూడా మరో 45 నిమిషాలు ఆగాలి. ఇక్కడే నాకు ఒళ్లు మండేది, మీటరు బావుందిగా అని! మీటరు కంటే మెదడు ఆలస్యంగా తేరుకుంటుంది మరి. సర్వర్ లేచినా అప్లికేషన్ లేవడానికి టైము పట్టదూ, అలాగన్నమాట :)

మన ఫారంలోనూ పేరు పెట్టి అడగాలంటాను. అయితే "ఉంది" అన్నవాణ్ణి తిప్పి పంపకుండా, ఈ నాలుగు ముక్కలూ చెప్పి సంతకం తీసుకోవాలి. తిప్పి పంపుతారన్న భయమున్నంతకాలం అందరం 'లేదు' అనే కొడతాం.

మొన్న విజయవాడ బయల్దేరబోతూ చూసుకుంటే 84. అరటిపండు తింటూ కూర్చున్నా. "ఇంకా ఎంతసేపురా?" అని మావయ్య గొడవ. తాళాలు ఆయన చేతికిచ్చి పక్క సీట్లో కూర్చున్నాను.