లిపి లేదన్న సాకు: గోండీ, కొలామీ, తెలుగు శాఖలు

చొప్పదండి పలుకుబడిని ‘యాస’ అని తక్కువచేసిన దృష్టిని తెలంగాణ సాహిత్య విమర్శ దశాబ్దాలపాటు నిలదీసింది. ఆ నిలదీత ఉట్నూరు పొలిమేరలో ఎందుకు ఆగింది? గోండీ, కొలామీలను ‘లిపి లేని గిరిజన మాండలికాలు’ అనే అలవాటు తెలుగు పరిశోధనను ఇంకా వీడలేదు. గోండీ తెలుగుతోపాటు దక్షిణ మధ్య ద్రావిడ శాఖలోని సోదర భాష. కొలామీ మధ్య ద్రావిడ భాష. కెల్టిక్ కుటుంబానికి చెందిన బ్రెటన్ ఫ్రెంచికి మాండలికం కానట్లే ఇవీ తెలుగుకు మాండలికాలు కావు. లిపి మాటకొస్తే, నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. అయినా, మౌఖిక సాహిత్యాన్ని పాఠ్యాంశంగా బోధించే శాఖలే లిపిని కొలబద్దగా పట్టుకోవడం వింత.

అదే 2018లో తెలంగాణ ప్రభుత్వం పాఠశాలల్లో తెలుగును తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. తెలుగు నేర్పడం తప్పు కాదు. కాని ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించాలన్న రాజ్యాంగ 350ఎ అధికరణం గోండు పిల్లలకూ వర్తిస్తుంది. నిజాం పాలనలోనే, 1940లలో, హైమన్‌డార్ఫ్ చొరవతో మార్లవాయి బడిలో గోండీ వాచకాలు వాడారు. స్వరాష్ట్రానికి అది ఎందుకు అసాధ్యం? 2003లో బోడో ఎనిమిదో షెడ్యూలుకెక్కింది. 2011 జనగణనలో దానికి దాదాపు రెట్టింపుగా, 29 లక్షలకు పైగా మాతృభాషీయులున్న గోండీ నేటికీ బయటే ఉంది. ఈ అన్యాయాన్ని ఎత్తిచూపవలసిన తెలుగు శాఖలు గోండుల పురాణాలను తెలుగు అనువాదాల్లో చదివి ‘గిరిజన సాహిత్యం’పై పట్టాలిస్తే చాలదు, గోండీ రాని పర్యవేక్షకుడు గోండీ పాఠాన్ని ఏ అర్హతతో పరీక్షిస్తాడో ముందు చెప్పాలి.