గడప దాటిన కచరా ఎవరిది?

ఈసారి వేరే ముచ్చట రాద్దామనుకున్న గాని, కచరా ముచ్చట రాయక తప్పుతలేదు. నా తప్పుతోనే మొదలువెడ్త.

మా ఇంటెనుక రెండు మగ్గాలు నడుస్తయి. కొడుకు చూసుకుంటడు, నేను కాండీలు అందిస్త. రోజూ తెగిన దారం, దూది పొట్టు ఒక సంచెడు వెళ్తది. ఘంటాగాడి వచ్చే టైముకు నేను మగ్గం దగ్గరుంట. సందు చివర గట్టర్ ఉన్నది గదా, అండ్లనే గుమ్మరిస్తుంటి. ఎన్నేండ్ల సంది అంటే చెప్పలేను. దారం చేతికి మెత్తగనే ఉంటది గాని నీళ్లల్ల పడ్డంక పేనుకొని తాడైతది. దానికి కవర్లు చిక్కుకుంటయి, బీడి ఆకు కత్తిరింపులు చిక్కుకుంటయి. పోయిన వానకు గట్టర్ పొంగి పక్కింటామె ఇంట్లకు నీళ్లొచ్చినయి. ఆకు తడిస్తే ఆరబెట్టుకోవచ్చు. తంబాకు తడిసింది. దాని పైసలు ఆమె మజూరీల కోసిండ్రు. గట్టర్ల కట్టె పెట్టి లాగితే వచ్చింది మా దారమే. ఎర్రది, టవల్ అంచుది. కాదని ఎట్లంట?

"నగర్‌పాలికవాళ్లు సాఫు చెయ్యాలె" అని మనమంటం. వాళ్ల పని వాళ్లకున్నది, నేను కాదన. గాని 2016ల కేంద్ర సర్కారు ఘన వ్యర్థాల నియమాలు తెచ్చింది. ఇంటి కచరా వేరుచేసి ఇచ్చే బాధ్యత ఇంటివాళ్లదే అని అండ్ల ఉండె. ఆ నియమాల్ల తడిది ఒకటి, పొడిది ఒకటి, ప్రమాదమైనది ఒకటి అని ఉండె, అంటే టార్చి సెల్లులు, బల్బులు, తేదీ దాటిన మందులు. "ఓలా కచరా, సుకా కచరా" అని ఒర్రేది అందుకే. రోడ్డు మీద, గట్టర్ల, చెరువుల పారేయొద్దు. కాల్చొద్దు, పాతిపెట్టొద్దు. చలికాలం మన వాడల దారం వేస్టు ఏసి చలిమంట కాగుతం సూడు, అదీ తప్పే. పాలిస్టర్ కలిసిన దారం పొగ పసిపిల్లల గొంతుల్ల పోతది.

ఆడవాళ్ల ప్యాడ్లు, పిల్లల డైపర్లు కాగితంల చుట్టి ఇయ్యాలె. గాడి మీది మనుషులు చేత్తోని ఏరుతరు. మనమూ కూలి చేసినోళ్లమే.

ఇంకోటి చాలామందికి తెలువదు. లైసెన్సు లేని జాగల నూరు మందికి మించి జమచేస్తే మూడు పనిదినాల ముందే నగర్‌పాలికకు చెప్పాలె, ఆ కచరా వేరుచేయించాలె అని ఆ 2016 నియమాల్ల ఉండె. గల్లీల షామియానా ఏసి పెట్టే పెండ్లి భోజనం సుత అండ్లనే వచ్చేది. శ్రావణ పున్నమికి మార్కండేయ రథం వెళ్తుంటే మంచినీళ్లు పంచుతం. తెల్లారి ఆ గ్లాసులు ఎవరు ఏరుతున్నరో ఒకసారి చూడుండ్రి.

ఇప్పుడు మా ఇంటామె గాడికి తడిది, పొడిది వేరే ఇస్తది. నూలు వేస్టు సంచిల జమచేస్తున్న. మిషన్లు తుడిచేందుకు కొనేటోళ్లున్నరు.

పక్కింటామెకు తంబాకు పైసలు ఇయ్యపోతే తీసుకోలే. "ముందు గట్టర్ మీది బండ సరిచెయ్యి అన్నా, పోరగాడు అండ్ల పడుతడు" అన్నది. ఈ ఐతారం కొడుకు, నేను ఆ పని మీదనే ఉంటం.