పురుగు పటంలో కూలీ చూపుకు చోటేది?

మలక్‌పేట మహబూబ్ మాన్షన్ గంజ్‌లో మిర్చి బస్తా దిగితే రంగు, ఘాటు, తేమ చూసి ధర కడతారు. ఆ మిర్చి పండిన తోటలో ఏ పురుగు తిరిగిందో, ఎన్ని పనిదినాలు పోయాయో లెక్క కట్టేవారు లేరు.

2021 చివర్లో నల్ల తామర పురుగు ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్, గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప తోటల మీద పడింది. పూతలో చేరి రసం పీల్చింది. పూత రాలిపోయింది, కాయ నిలవలేదు. మందు మీద మందు కొట్టి విసిగిన రైతులు తోటలే పీకేశారు. అప్పుల బాధ తాళలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. మరి ఆదోని, కోసిగి ప్రాంతాల నుంచి పిల్లాపాపలతో మిరప కోతలకు వలసపోయే కూలీల సంగతేమిటి? కిలో లెక్కన ఏరేవారికి చెట్టుకు నాలుగు కాయలుంటే పొద్దంతా వంగినా ఏం గిడుతుంది?

ఈ పురుగు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన ఈ జాతిని 2015లోనే బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారు. అంటే మన మిరప మీద పడే నాటికి ఆరేళ్ల వ్యవధి ఉంది. ఆ ఆరేళ్లూ మన ఊళ్లకు హెచ్చరిక ఎందుకు రాలేదు?

పురుగు ఎటు పోతుందో ముందే ఎలా తెలుస్తుందని కొందరు అడగవచ్చు. తెలుసుకునే సాధనాలున్నాయి. ఒక పురుగుగానీ, పిట్టగానీ, మొక్కగానీ ఎక్కడెక్కడ కనిపించిందో ఆ చోట్లను కంప్యూటరులో పెడతారు. ఆ చోట్ల ఎండ ఎంత, వాన ఎంత, చలి ఎంత అన్నది జోడిస్తారు. అలాంటి వాతావరణమే ఇంకెక్కడ ఉందో వెతికి, జాతికి బాగా అనువైన చోట్లను, అంతగా అనువుకాని చోట్లను రంగులతో పటం మీద చూపే సాఫ్ట్‌వేర్ ఉంది. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 1985లోనే క్లైమెక్స్ అనేదాన్ని లోకానికి తెలిపారు. అమెరికా పరిశోధకులు మ్యాక్సెంట్ పద్ధతిని 2006లో వివరించారు. 2016 చివర్లో దాని లోపలి కోడ్‌ను సైతం అందరికీ తెరిచారు. పైసా ఖర్చు లేదు. కాబట్టి సాధనం లేదన్న సాకు చెల్లదు.

మొక్కజొన్నను తినే కత్తెర పురుగు కథ చూడండి. అమెరికా ఖండంలో పుట్టిన ఈ పురుగు 2016లో ఆఫ్రికాలో బయటపడింది. దక్షిణాసియా కూడా దానికి అనువేనని ఇలాంటి పటాలతో చెప్పిన అధ్యయనం 2018లో అచ్చయింది. అదే ఏడాది మే నెలలో పురుగు కర్ణాటకలో కనబడింది, ఆ ఏడాదిలోనే తెలంగాణ, ఆంధ్ర చేలకు పాకింది. పటమూ పురుగూ ఒకే ఏడాది వచ్చాయి. అచ్చయిన పటం పల్లె చేరేసరికి పంట పోతే ఆ శాస్త్రం ఎవరికి ఉపయోగం?

అయితే యంత్రం చెప్పిందే వేదమని మేమనడం లేదు. అది అనువైన చోటు చెబుతుందే గాని, పురుగు ఏ రోజు వస్తుందో చెప్పదు. నారుతోనో సరుకుతోనో లారీ ఎక్కి వచ్చే పురుగును వాతావరణం లెక్క ఒక్కటే పట్టుకోలేదు. అన్నిటికంటే పెద్ద లోపం మరొకటి. చూసినవారు నమోదు చేసిన చోట్లే దానికి ఆధారం. రోడ్డు పక్కన, పరిశోధనా కేంద్రం చుట్టూ ఎక్కువ చూస్తారు, అక్కడే చుక్కలు పడతాయి. ఎవరూ చూడని తండా చేను పటంలో ఖాళీగా ఉంటుంది. ఖాళీ అంటే పురుగు లేదని కాదు, అడిగినవారు లేరని అర్థం.

చేలో పురుగును ముందుగా చూసేదెవరు? కలుపు తీసే అక్కలు, కాయలు ఏరే చెల్లెళ్లు. పూత విప్పితే లోపల కదిలేది వాళ్ల వేళ్లకే తెలుస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2024 ఆగస్టు 15న జాతీయ తెగుళ్ల నిఘా వ్యవస్థ ప్రారంభించింది, రైతు ఫోనులో ఫొటో తీసి పంపవచ్చంటున్నది. మంచిదే. స్మార్ట్‌ఫోను లేని కూలీ చూపు ఎవరు పంపాలి?

అందుకే మేము డిమాండ్ చేస్తున్నాం. ప్రతి రైతు వేదికలో, ఆంధ్రలో ప్రతి రైతు సేవా కేంద్రంలో తెగుళ్ల ముప్పు పటం తెలుగులో గోడకు వేలాడాలి. కూలీలు చెప్పింది రాసుకుని పంపే బాధ్యత వ్యవసాయ సిబ్బందికి ఇవ్వాలి, ఆ చూపుకు కూలి కట్టాలి. పురుగుతో పంట పోతే పరిహారం పట్టాదారుతో ఆగకుండా కౌలుదారుకూ, పని పోయిన కూలీకీ చేరాలి.

కూలి సోదరులారా, పటం మీద పడే ప్రతి చుక్కా ఎవరో ఒకరి కంటితో చూసిందే. ఆ కన్ను మనదైనప్పుడు, పటం మీద హక్కు కూడా మనదే. వచ్చే గ్రామసభలో ఈ మాట గట్టిగా అడుగుదాం.